కొబ్బరి మొవ్వులు ఎండుతున్నాయి, బోరు ఉప్పెక్కింది: డెల్టా పల్లపు ఊళ్లలో మనవంతుగా ఏం చేయగలం?

పల్లపుచేను
9 నవంబరు 2025, రాత్రి 8:10

అందరికీ నమస్కారమండి. మాది గోదావరి డెల్టాలో కోనసీమ, కాట్రేనికోన మండలం, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఊరు. రెండెకరాల కొబ్బరితోట, ఎకరంన్నర వరిచేను. మూడేళ్లలో తోట దక్షిణం వరస మొత్తం పోయింది. ముందు కాయ సైజు తగ్గింది. తర్వాత కింది మట్టలు పసుపెక్కి వేలాడాయి. ఆఖరికి మొవ్వు ఎండిపోయింది. ఇరవై రెండు చెట్లండి. తల లేని మాన్లు అలా నిలబడి ఉంటే పొద్దున్నే తోటలో అడుగు పెట్టబుద్ధి కావట్లేదు. అమ్మ ఆ వైపు వెళ్లడమే మానేసింది. అవి ఆవిడ కడవతో నీళ్లు మోసి బతికించిన మొక్కలు.

చచ్చిన వరస మురుగు కాలువ పక్కనే ఉంది. మొన్న 5వ తారీకు కార్తీక పౌర్ణమి, తెల్లవారుజామున కాలువలో దీపాలు వదలడానికి వెళ్లాం. నీరు సముద్రం వైపు వెళ్లాలి కదండీ? మా అరటి దొప్ప ఊళ్లోకి కొట్టుకొచ్చింది. ఎగువకి, చేల వైపుకి. అమ్మ కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, "నీరు వెనక్కి నడుస్తోందిరా" అంది.

ఇంట్లో బోరు నీటితో టీ పెడితే పాలు విరుగుతున్నాయి. పప్పు ఉడకట్లేదు. తాగడానికి టిన్నులు కొంటున్నాం.

నేను అడిగేది రెండు. ఇది నిజంగా వాతావరణ మార్పేనా, లేక మన కాలువల పాపమా? రెండోది, సర్కారు గోడలు కట్టేదాకా ఆగకుండా ఊరివాళ్లుగా మేం చేసుకోగలిగింది ఏమైనా ఉందా?

గట్టుమీదలస్కరు
9 నవంబరు 2025, రాత్రి 9:35

బాబూ, ముప్పై ఏళ్లు కాలువ గట్ల మీద నీటి కాపలాదారుగా, అంటే లస్కరుగా చేసినవాణ్ణి. నీ దొప్ప దీపం సంగతి చదివాక నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నా.

డెల్టా అంటే అందరికీ ధవళేశ్వరమే గుర్తొస్తుంది. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు, 1982లో ఇప్పటి బ్యారేజీ వచ్చింది, పది లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. అది నీళ్లు వచ్చే దారి. నీళ్లు పోయే దారి సంగతి ఎవరూ మాట్లాడరు. మీ కోనసీమ ఒక వైపు గౌతమి, ఇంకో వైపు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. పళ్లెం లాంటి నేల. ఇక్కడ మురుగు కాలువకి వాలు అంటూ పెద్దగా లేదు. పాటు వేళ సముద్రం దిగినప్పుడు నీరు జారాలి, పోటు వేళ తలుపు మూసుకోవాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. డెల్టా బతికేది ఆ లెక్క మీదే.

ఇప్పుడేమైంది? మొగ దగ్గర, అంటే కాలువ సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేసింది, కాలువ నిండా గుర్రపుడెక్క, తూము తలుపులు తుప్పుపట్టి ఊడిపోయాయి. వానాకాలం నీరు బయటికి పోదు, ఎండాకాలం ఉప్పునీరు లోపలికొస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు గట్టిగా చెప్పిన బాధల్లో ఈ ముంపూ ఒకటి. సముద్రం పెరిగిందా లేదా చదువుకున్నవాళ్లు చెప్పాలి. నాకు తెలిసింది తలుపు సంగతి. నీ చేను నీరు డ్రెయిన్లో పడే చోట తూముకి తలుపు ఉందా? ముందు అది చూసి చెప్పు.

విశాఖచదువు
9 నవంబరు 2025, రాత్రి 10:50

లస్కరు గారూ, తలుపు ఒకటైతే, తలుపు అవతల మట్టం ఇంకొకటండి. నేను భూగోళం చదువుతున్నాను, సొంతూరు రాజోలు దగ్గర.

ప్రపంచ సగటున సముద్రం 1901 నుంచి 2018 మధ్య 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాతి వేగం ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. కొండల ఊరికి అది లెక్కలోకి రాదు. మన పళ్లెంలో జానెడు పెరిగితే మురుగు కాలువకి దొరికే పాటు వేళ తగ్గిపోతుంది. ఆరుగంటలు దిగాల్సిన నీరు నాలుగు గంటలే దిగుతుంది. చేలో నిలిచిపోయే నీరంతా ఆ రెండు గంటలదే.

ఇంకో సగం కథ మట్టిది. డెల్టా అంటే గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. నేల తన బరువుకి తాను ఏటా కొంచెం కుంగుతుంది, వరద కొత్త ఒండ్రు వేసి మళ్లీ లేపుతుంది. ఎగువన ఆనకట్టలు కట్టాక ఆ మట్టి జలాశయాల్లో ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళవేత్తల లెక్క ప్రకారం 1970లలో ఏడాదికి 15 కోట్ల టన్నులు వచ్చే ఒండ్రు 1990లకి 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. 1976 నుంచి 2001 లోపల డెల్టా అంచున నికరంగా 1,836 హెక్టార్లు సముద్రంలో కలిసింది. అంటే నాలుగున్నర వేల ఎకరాలు. వేడికి సముద్రం పైకొస్తోంది, మట్టి రాక నేల కిందికి పోతోంది. రెండూ కలిస్తేనే ఆ దొప్ప ఎగువకి నడిచింది. ఇది వాతావరణమా, కాలువా అని విడదీయలేమండి.

పల్లపుచేను
10 నవంబరు 2025, ఉదయం 6:20

లస్కరు గారూ, ఇప్పుడే చూసొచ్చాను. తూము ఉంది, తలుపు లేదు. గాడి మాత్రం మిగిలింది, అందులో చిన్నప్పుడు మేం పీతలు పట్టేవాళ్లం.

ఇంకో మాట. సముద్రం ఒడ్డున పెరిగే చెట్టు ఉప్పుకి చస్తుందా అని మా బాబాయి వాదిస్తున్నారు. తెల్లదోమ వల్లే అంటారు ఆయన.

మార్టేరువిత్తు
10 నవంబరు 2025, మధ్యాహ్నం 1:15

వ్యవసాయం చదివి ఊళ్ల మీద తిరిగే ఉద్యోగం చేస్తున్నాను. మీ బాబాయి గారి ప్రశ్న మంచి ప్రశ్న.

కొబ్బరి ఉప్పుగాలిని తట్టుకుంటుంది, ఇసుక నేలలో అడపాదడపా తగిలే ఉప్పునీటిని కూడా. ఎందుకంటే ఇసుకలో నీరు నిలవదు, వానకి కడిగేసుకుపోతుంది, వేరుకి గాలి ఆడుతుంది. మీ నేల బంకమట్టి. ఉప్పునీరు వచ్చి వారాల తరబడి నిలిస్తే వేరు ఊపిరాడక కుళ్లుతుంది, కొత్త వేరు పుట్టదు. చెట్టు నీళ్లలోనే నిలబడి దాహంతో చస్తుందన్నమాట. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కేశనపల్లి వైపు తోటలు తలలు వాల్చింది కూడా ఈ పోటునీటితోనే.

తెల్లదోమ అబద్ధం కాదు. సర్పిలాకార తెల్లదోమ వచ్చి తొమ్మిదేళ్లవుతోంది, మట్ట కింద తెల్లటి చుట్టలు, పైన నల్లటి మసి బూజు పడుతుంది. అది కాపు తగ్గిస్తుంది కానీ వరసగా మొవ్వు ఎండించదు. దానికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు పెంచే మిత్ర పురుగులు, మిత్ర శిలీంద్రం వాడండి. రసాయన మందు కొడితే మిత్ర పురుగే ముందు చస్తుంది.

ఇప్పుడు పని. మట్టి నమూనా తీసి ఈసీ చూపించండి. ఈసీ అంటే మట్టిలో కరిగిన ఉప్పు కొలత. 4 దాటితే చౌడు నేల కింద లెక్క, వరి అయితే 3 దాటగానే దిగుబడి తగ్గడం మొదలెడుతుంది. ఒక్కచోట తీయకండి, కాలువ పక్క ఒకటి, తోట మధ్య ఒకటి, ఇంటి పక్క ఒకటి. పీహెచ్ కూడా రాయించండి, ఎందుకో చెప్తాను. పైన తెల్లగా పొక్కులా తేలేది పాలచౌడు, దాన్ని మంచినీళ్లు పెట్టి, మురుగు తీసి కడిగితే పోతుంది. నల్లగా, జిగటగా, పీహెచ్ ఎక్కువగా ఉండే కారుచౌడుకి మాత్రమే జిప్సం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పాలచౌడుకి జిప్సం బస్తాలు పోసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లే.

ఉప్పుటేరుపక్క
10 నవంబరు 2025, సాయంత్రం 5:40

నేను రొయ్యల రైతుని. ఈ చర్చ ఎటు తిరుగుతుందో తెలుసు కాబట్టి ముందే వస్తున్నా. రేపో మాపో ఎవరో ఒకరు చెరువుల వల్లే అంటారు.

వరి మీద అప్పులు తీరక చెరువు తవ్వినవాణ్ణి. నాకూ సుఖం లేదు. మేలో నీరు వేడెక్కితే రొయ్య మేత తినదు. నాలుగు రోజులు మబ్బు పట్టి ఒక్కసారి కుండపోత పడితే పైన మంచినీరు, కింద ఉప్పునీరు విడిపోయి రాత్రికి రాత్రే ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారేసరికి గట్టు పక్కన రొయ్యలు తేలతాయి. మొన్న మొంథా తుఫానుకి కరెంటు పోయిన రాత్రి నీటిలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయి నా పక్క చెరువు మొత్తం పోయింది. వాతావరణం మారిందని నాకెవరూ చెప్పక్కర్లేదు.

గట్టుమీదలస్కరు
10 నవంబరు 2025, రాత్రి 8:05

అయ్యా, నీ కష్టం కాదనను. కానీ పట్టుబడికి ముందు చెరువు నీరంతా ఎక్కడికి వదులుతావు? అదే పిల్ల కాలువలోకి. ఆ నీరే పక్క చేలోకి తూము గుండా ఎక్కుతుంది. గట్టు అడుగు నుంచి ఊట ఎటూ ఉంటుంది. వరి రైతు నోరు తెరిస్తే తగాదా. ఈ రెండింటి మధ్య మా లస్కర్లు తిట్లు తిన్న రోజులు చాలా ఉన్నాయి.

ఉప్పుటేరుపక్క
10 నవంబరు 2025, రాత్రి 8:50

నిజమేనండి. ఒప్పుకుంటాను. మా పక్క చేను ఆయనతో రెండేళ్లు మాటల్లేవు. పోయిన ఏడు చెరువు గట్టు చుట్టూ మూడడుగుల ఊట కాలువ తీశాను, ఊరిన ఉప్పునీరు అందులోంచి నేరుగా డ్రెయిన్లోకి పోతుంది. చెరువు ఖాళీ చేసేది పాటు మొదలయ్యే వేళకే, ముందు రోజు ఆయనకి చెప్పి ఆయన తూము మూయించి. మొన్న తుఫాను రాత్రి ఆయన తన జనరేటర్ ఇచ్చాడు కాబట్టే నా చెరువు నిలబడింది.

లంకింటికోడలు
11 నవంబరు 2025, ఉదయం 10:30

మీరంతా సముద్రం వైపు నుంచి మాట్లాడుతున్నారు. మాది గోదారి మధ్య లంక. మాకు నీరు పైనుంచి వస్తుంది.

2022 జూలై ఎప్పటికీ మర్చిపోను. గోదారి ఆగస్టులో వస్తుందని అలవాటు పడ్డవాళ్లం, జూలై రెండో వారానికే వచ్చేసింది. 16వ తారీకు భద్రాచలంలో 71.3 అడుగులు. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. మామయ్యగారు 1986 చూసిన మనిషి, అప్పుడు 35 లక్షలు. ఇంటి గోడ మీద ఆ ఏటి గీత ఉంది. ఆ గీతకి కిందే ఆగుతుంది, ఏం పర్లేదు అన్నారు. గీతకి కిందే ఆగింది, కానీ మంచం మునిగింది, ధాన్యం గాదె మునిగింది, మూడు రోజులు మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లకి అది ఎలాంటి నరకమో ఏ బులెటిన్‌లోనూ రాయరు.

అప్పటి నుంచి మా డ్వాక్రా గ్రూపు పన్నెండుమందిమి ఒక పద్ధతి పెట్టుకున్నాం. భద్రాచలంలో 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండు, 53 మూడు. అక్కడి నీరు మా దాకా రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అందుకని ధవళేశ్వరం కోసం చూడం. అక్కడ 48 అనగానే గొడ్లని ఏటిగట్టు మీదికి తోలేస్తాం, ఎందుకంటే కాజ్‌వే మునిగాక గేదె పడవెక్కదు. పట్టాదారు పాసుపుస్తకాలు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు ఒకే ప్లాస్టిక్ డబ్బాలో, అది ఎవరు పట్టుకోవాలో కూడా రాసి ఉంది. నెలలు నిండిన పిల్ల ఉంటే మొదటి హెచ్చరికకే పంటు మీద ఏరు దాటించేస్తాం. గ్రూపు పొదుపులోంచి రెండు పెద్ద టార్పాలిన్లు, ఇరవై లైఫ్ జాకెట్లు కొన్నాం. నీళ్ల డబ్బాలు, క్లోరిన్ బిళ్లలు, పాముకాటుకి దగ్గరి ఆస్పత్రి నంబరు. చిన్న పనులే. 2022లో ఇందులో ఒక్కటీ మా దగ్గర లేదు.

వేటబోటు
11 నవంబరు 2025, మధ్యాహ్నం 3:25

అక్కా, ఆ డబ్బా పని మా వాడలో కూడా చెప్తాను.

నేను బలుసుతిప్ప వైపు వేటకెళ్తాను. 1996 నవంబరు 6 రాత్రి నాకు తొమ్మిదేళ్లు. దీపావళికి ఇంకా నాలుగు రోజులు, నాన్న మాకోసం మతాబులు కొని దూలం మీద పెట్టాడు. సాయంత్రం దాకా మామూలు గాలే. చీకటి పడ్డాక గాలి ఎలా అరిచిందంటే పక్కనున్న అమ్మ మాట వినబడలేదు. తాటాకు కప్పు ఒక్కసారి లేచి వెళ్లిపోయింది. తెల్లారి చూస్తే ఊరు లేదు. వేటకెళ్లిన మా పెదనాన్న రాలేదు. వెయ్యిమందికి పైగా పోయారు ఆ రాత్రి మొత్తం మీద. కొబ్బరితోటలు దువ్వెన పళ్లు విరిగినట్టు పడున్నాయి.

ఇప్పుడు హెచ్చరికలు బాగా వస్తున్నాయి. మొంథాకి మూడు రోజుల ముందే బోట్లు ఒడ్డెక్కించాం. అప్పట్లో రేడియో ఉన్న ఇల్లే నాలుగు.

నేను చెప్పేది మడ అడవి గురించి. కోరింగ వైపు మడ ఉన్న చోట ఏటి ఒడ్డు నిలబడుతుంది, లేని చోట ముక్కలుగా ఊడిపడుతుంది. ఇది రోజూ బోటు మీంచి చూసేదే. రొయ్య పిల్ల, పీత, చేప పిల్ల అన్నీ ఆ వేళ్లలోనే పెరుగుతాయి. మడ పోతే మా వల ఖాళీ. ఏటా ఎవరో వచ్చి బీచిలో మడ మొక్కలు నాటి ఫొటోలు దిగుతారు. రెండో పౌర్ణమికి ఒక్కటీ ఉండదు. మడకి ఇసుక కాదు, పోటుపాట్లు ఆడే బురద కావాలి.

విశాఖచదువు
11 నవంబరు 2025, సాయంత్రం 6:00

అన్నా, మీరు చెప్పిందే స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు మన డెల్టాలో చేసి చూపించారు. మడ చచ్చిన మైదానాల్లో మధ్యలో తొట్టిలా నేల పల్లమై, పోటునీరు చేరి అక్కడే ఎండి, ఉప్పు గడ్డకడుతుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. వాళ్లు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ ఒక పెద్ద కాలువ, అటూ ఇటూ ఏటవాలుగా పిల్ల కాలువలు. నీరు వచ్చి పోవడం మొదలయ్యాక మట్టిలో ఉప్పు తగ్గింది, అప్పుడు మడ పట్టింది. మొక్క కంటే ముందు నీటికి దారి. బీచి ఇసుక మీదైతే సరుగుడు, తాడి, మొగలి పొదలు, ఇసుకని పట్టే తీగలు వేయాలి. ఇసుక తిన్నెని జేసీబీతో ఎత్తుకుపోకుండా ఆపితే సగం గోడ కట్టినట్టే.

కాకినాడ దగ్గర ఉప్పాడ చూడండి. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో గోడ కట్టారు, అవీ చిరిగిపోయి రోడ్డు మళ్లీ మళ్లీ తెగుతోంది. అక్కడ ఇళ్లు కోల్పోయిన వాళ్లకి గోడ కావాలి, కాదనలేం. కానీ గోడ చివర ఎక్కడ ఆగుతుందో ఆ పక్క ఊరికి కోత పెరుగుతుంది. మన తీరమంతా గోడ కట్టలేం.

కౌలుచేను
12 నవంబరు 2025, ఉదయం 5:50

మొంథాకి నా నాలుగెకరాలు పడిపోయాయి. అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర దాటింది, మాకు గాలి తక్కువే, వాన మాత్రం వదల్లేదు. స్వర్ణ, గింజ పాలు పోసుకునే దశ. మార్టేరు గారూ, ఏటా ఇదే టైముకి ఏదో ఒకటి వస్తోంది. 2018లో పెథాయ్ డిసెంబరు 17న మా కాట్రేనికోన దగ్గరే దాటింది, అప్పుడు కుప్పలు తడిశాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్‌కి పనలు మొలకెత్తాయి. పంట ఎప్పుడు వేయాలండి అసలు?

మార్టేరువిత్తు
12 నవంబరు 2025, మధ్యాహ్నం 12:40

లెక్క మీ చేతిలోనే ఉందండి. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 150 రోజుల పంట. జూన్ 10కి నారు పోస్తే నవంబరు మొదటి వారానికి కోత. జూలై 10కి పోస్తే డిసెంబరు మొదటి వారం, అంటే సరిగ్గా తుఫాను నోట్లో. కాలువ నీరు జూన్ మొదట్లోనే వదిలిన ఏడాది కూడా మన పల్లపు ఊళ్లు నెల ఆగుతున్నాయి. మిమ్మల్ని తప్పుపట్టను. తొందరగా ఊడిస్తే జూలై వానకి, వరదకి నారు కుళ్లుతుందని మీ భయం. ముందుకి పోతే మునక, వెనక్కి ఉంటే తుఫాను. ఈ ఇరుకులోంచి బయటపడటానికి దారులు మూడు ఉన్నాయి, మూడూ కలిపి వాడాలి.

స్వర్ణ సబ్-1 వేయండి. పూర్తిగా మునిగినా రెండు వారాల దాకా చావదు, నీరు తీశాక మళ్లీ పిలక వేస్తుంది. మిగతా గుణాలన్నీ స్వర్ణవే కాబట్టి మిల్లరు పేచీ పెట్టడు. పల్లంతో పాటు కొంచెం చౌడున్న చోట మార్టేరు 1061, అంటే ఇంద్ర రకం. బాగా ఉప్పు ఎక్కిన చోట మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన ఎంసీఎం రకాలు అడగండి. రెండోది, వేసవిలో మొదటి వానకి జీలుగ చల్లి పూతకి ముందు కలియదున్నండి. జీలుగ ఉప్పుని తట్టుకుంటుంది, మట్టిని గుల్ల చేస్తుంది, కడిగే నీరు కిందికి దిగుతుంది. మూడోది మెరక చేలలో వెద పద్ధతి. నారు, ఊడ్పు లేకుండా నేరుగా విత్తితే వారం పది రోజులు ముందు కోతకొస్తుంది.

పడిపోయిన చేను గురించి: నీరు తీసేసి, నాలుగు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టండి. ముదిరిన గింజ అయితే మొలకెత్తకుండా లీటరుకి 50 గ్రాముల కల్లుప్పు కలిపి వెన్నుల మీద పిచికారీ చేయండి.

కౌలుచేను
12 నవంబరు 2025, రాత్రి 9:10

కట్టాం. ఇద్దరం మూడు రోజులు వంగి కట్టాం, ఎకరం వరకూ లేచింది.

విత్తనం, తేదీ అన్నీ బాగానే ఉన్నాయండి. నష్టం రాయించడం దగ్గరే మాకు బండ పడుతోంది. ఈ-పంట నమోదులో పేరు ఎవరిదుంటే పరిహారం వాళ్లది. కౌలు కార్డుకి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనని ఆయన పెట్టడు. పెట్టుబడి నాది, వంగిన నడుం నాది, ఖాతాలో డబ్బు పడేది హైదరాబాదులో. భూములున్నవాళ్లు ఇక్కడ చదువుతుంటే దయచేసి జూన్‌లోనే సంతకం పెట్టండి. వాతావరణ మార్పుకి మీరు చేయగలిగిన సాయం అదే.

మియాపూర్‌నుంచి
12 నవంబరు 2025, రాత్రి 11:30

మీ రాత నన్నే అన్నట్టు తగిలింది. ముమ్మిడివరం దగ్గర మాకు రెండెకరాలు, కౌలుకిచ్చాం. నాన్నగారు పోయాక అమ్మేద్దామనే ఆలోచన. ఈ చర్చ చదువుతూ అడుగుదామనుకున్నది కూడా అదే, ఇంకా పదేళ్లకి ఆ నేలకి విలువ ఉంటుందా అని. ముందు వచ్చే వారం ఊరొచ్చి మా కౌలుదారుతో కూర్చుంటాను. కార్డు సంతకం ఇన్నేళ్లు ఎందుకు వాయిదా వేశానో నాకే తెలియట్లేదు.

ఊరిఏఎన్ఎం
13 నవంబరు 2025, మధ్యాహ్నం 2:20

ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఉప్పునీళ్లు రోజూ తాగే ఊళ్లలో రక్తపోటు చూపించుకోండి, గర్భిణులు మరీ ముఖ్యంగా. ఇంకొకటి ఎండ. 2015 మేలో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకి పోయారు. డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, థర్మామీటర్ 38 చూపించినా ఒంటికి అంతకంటే ఎక్కువే. ఉపాధి పని, రెండో పంట దాళ్వా కోత పదిన్నరకల్లా ఆపేయండి. కూలీలకి ఉప్పేసిన మజ్జిగ ఇవ్వడం భూస్వామి దానం కాదు, పనిలో భాగం.

పల్లపుచేను
14 నవంబరు 2025, రాత్రి 7:45

మట్టి ఫలితాలు వచ్చాయి. కాలువ పక్క ఈసీ 6.2. తోట మధ్య 3.4. ఇంటి పక్క 1.8. పీహెచ్ మామూలుగానే ఉంది, అంటే పాలచౌడేనన్నమాట. బాబాయికి కాగితం చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే కడిగితే పోతుందా" అన్నారు.

బోరు గురించి ఎవరైనా చెప్పగలరా?

విశాఖచదువు
14 నవంబరు 2025, రాత్రి 9:00

తీరం నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుందండి. పైనున్న మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక్క అడుగు ఎత్తు ఉంటే, అది కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పుని నొక్కి పెడుతుంది. మోటారు పెట్టి ఆ ఒక్క అడుగూ లాగేస్తే కింద 40 అడుగుల ఉప్పు పైకొస్తుంది. అందుకే లోతుగా బోరు దించితే మంచినీరు దొరకదు, ఇంకా ఉప్పే వస్తుంది. పాత ఊళ్లలో చెలమలు, మంచినీళ్ల చెరువులు పైపైనే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతోంది. చెరువు పూడిక తీసి వాననీటితో నింపండి, ఇంటికప్పు మీది వాన నీరు పాత బావిలోకి మళ్లించండి, తక్కువ పవరు మోటారుతో కొద్దికొద్దిగా తోడండి. ఒక్క ఇల్లు చేస్తే ఫలితం కనబడదు, వీధి అంతా చేయాలి.

గట్టుమీదలస్కరు
15 నవంబరు 2025, ఉదయం 6:30

బాబూ, ఇక తలుపు పని. పెద్ద డ్రెయిన్‌కి మనం అడ్డం పెట్టకూడదు, అది నేరం, ఎగువవాళ్లు మునుగుతారు. నీ చేను తూము వరకే. డ్రైనేజీ సెక్షన్ అసిస్టెంట్ ఇంజనీరుకి (ఏఈ) కాగితం రాసి ఇచ్చి రసీదు తీసుకో.

పాత గాడి ఉందన్నావు కదా. తాటిచెక్కలు ఒకదాని మీద ఒకటి గాడిలో దింపు. రెండు వరసలు పెట్టి మధ్యలో బంకమట్టి గట్టిగా తొక్కు. పై చెక్క తీసి పెట్టుకునేలా ఉండాలి. పోటుకి మూయాలి, పాటుకి తీయాలి. వాన పడిన రోజు తీయడం మర్చిపోతే నీ చేను నువ్వే ముంచుకుంటావు. అందుకని తూముకి ఒక మనిషి ఉండాలి. మా రోజుల్లో ఆ మనిషిని లస్కరనేవాళ్లు. మీ పొలాలవాళ్లు నలుగురూ వంతులేసుకోండి. అమావాస్య 20వ తారీకు, ఈలోపు అయ్యేలా చూడు.

పల్లపుచేను
21 నవంబరు 2025, ఉదయం 7:50

పెట్టామండి. తాటిచెక్కలు ఆరు, బాబాయి ఇచ్చారు. చచ్చిన కొబ్బరి మాను కోసి అడుగున దిమ్మగా వేశాం. పక్క చేల ముగ్గురూ వచ్చారు, ఉప్పుటేరుపక్క గారు చెప్పినట్టు ఎగువ చెరువు ఆయన్నీ పిలిచాం. చెరువు నీరు వదిలే ముందు రోజు ఫోన్ చేస్తానన్నాడు. నిన్న అమావాస్య రాత్రంతా తూము దగ్గరే ఉన్నాం. మార్టేరు గారు పంపిన చిన్న మీటరుతో కొలిచాం. పోటు నిండినప్పుడు చెక్కల బయట ఈసీ 14, లోపల 5. రెండో చెక్కకీ మూడో చెక్కకీ మధ్య కారుతోంది, అక్కడ మట్టి సరిగ్గా తొక్కలేదు. పాటు మొదలవగానే పై రెండు చెక్కలు తీశాం, లోపలి నీరు గంటన్నర దిగింది.

ఈ తెల్లవారుజామున పోలి పాడ్యమి. అమ్మ దొప్పలు పట్టుకుని తూము దగ్గరికే వచ్చింది, మూడేళ్ల తర్వాత ఆ వరస పక్కనుంచి నడిచి. పోటు ఇంకా ఎక్కుతోంది, చెక్కలు మూసే ఉన్నాయి. లోపలి వైపు నీటిలో దీపం వదిలింది. అది ఎటూ పోలేదు. చెక్కకి ఆనుకుని అక్కడే కాసేపు వెలిగింది.

లస్కరు గారూ, ఆ కారే సందుకి బంకమట్టితో పాటు ఇంకేమైనా కలపాలా? డిసెంబరు 4న పౌర్ణమి. మళ్లీ రాత్రి కొలుస్తాం. చుట్టుపక్కల వాళ్లెవరైనా వస్తానంటే చెప్పండి, మీటరు ఒక్కటే ఉంది కానీ టార్చిలు రెండున్నాయి.

గట్టుమీదలస్కరు
21 నవంబరు 2025, ఉదయం 8:20

ఊక కలిపి తొక్కు. వరిగడ్డి కాదు, ఊక. 4వ తారీకు సాయంత్రం బస్సుకి నేను వస్తున్నా.